ఆగినవాడికి భయం లేకుండా చేయండి, బాధ్యత సంగతి తర్వాత మాట్లాడదాం

"మన జనానికి హక్కులు కావాలి, బాధ్యతలు అక్కర్లేదు. ఈ రెండింటినీ చట్టం ఎలా బ్యాలెన్స్ చేయాలి?" అని అడిగారు. ప్రశ్నలోనే తీర్పు ఇచ్చేశారు కాబట్టి ముందు దాంతోనే గొడవ పెట్టుకుంటాను. మన జనానికి బాధ్యత లేదంటే నేనొప్పుకోను. బాధ్యతగా నిలబడ్డవాణ్ణి పట్టుకుని ఏడిపించడం మనకు అలవాటు. అది చూసి పక్కవాడు జాగ్రత్తపడతాడు.

నాకు విజయవాడలో టైల్స్ షాపు ఉంది. 2011 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి నేనూ మా ఆవిడా కారులో తిరిగొస్తున్నాం. రాత్రి తొమ్మిదిన్నర అయి ఉంటుంది. అప్పట్లో ఆ రోడ్డును నాలుగు లేన్లు చేసే పని నడుస్తోంది. ఎక్కడ డైవర్షన్ ఉందో, ఎక్కడ మట్టి దిబ్బ ఉందో దగ్గరికెళ్తే గానీ తెలిసేది కాదు. ఒకచోట లైట్ల వెలుగులో ముందు రోడ్డంతా తెల్లగా కనబడింది. ముగ్గు పోశారా అనుకున్నాను. దగ్గరికెళ్తే పాలు. రెండు క్యాన్లు దొర్లి మూతలు ఊడిపోయాయి. పాల మీద వరిగడ్డి పరకలు తేలుతున్నాయి. వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరును బైకువాడు గుద్దేశాడు. ట్రాక్టరు అక్కడ లేదు.

మనిషికి ముప్పై ఏళ్ళుంటాయి. కుడి కాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగి ఉంది. చొక్కా జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. 108కి కొట్టాను. బండి వేరే కేసులో ఉంది, నలభై నిమిషాలు పడుతుందన్నారు. (వాళ్ళను తప్పు పట్టను. 2005 ఆగస్టు 15న ఆ సర్వీసు మొదలైనప్పటి నుంచి ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి తెలుసు.) అప్పటికే నాలుగు కార్లు స్లో చేసి, చూసి, వెళ్ళిపోయాయి. నేనూ ఇంకో లారీ క్లీనరూ కలిసి మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టాం. మా ఆవిడ అతని తల ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర కొంగుతోనే నుదుటి దగ్గర అదిమి పట్టుకుంది. మోగే ఫోన్ ఎత్తి "అమ్మా, కంగారు పడకండి" అని మొదలుపెట్టి, తర్వాత ఏం చెప్పాలో తెలియక నా వైపు చూసింది.

ఇక్కడి దాకా ఎవరైనా చెప్పే కథే. అసలు నేను చెప్పాలనుకున్నది ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది. ఊరి పేరూ ఆసుపత్రి పేరూ చెప్పను.

"మీరు పేషెంట్‌కి ఏమవుతారు సార్?"

"ఏమీ కాను."

"మరి అటెండర్ ఎవరు? అడ్వాన్స్ పదివేలు కట్టి ఇక్కడ సంతకం పెట్టాలి."

కట్టాను. సంతకం పెట్టాను. అరగంటకి కానిస్టేబుల్ వచ్చి నన్నేమీ అడక్కుండా తిన్నగా నా కారు దగ్గరికెళ్ళి, టార్చి వేసి బంపర్ అంతా తడిమి చూశాడు. ఎప్పుడో షాపు గేటుకు తగిలిన గీత ఒకటి కనబడింది. "ఇదేంటండీ?" అన్నాడు. ఆ గీత గురించే ముప్పావుగంట. మా ఆవిడ రక్తపు చీరతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఇంతలో కుర్రాడి బావ వచ్చి "నువ్వేనా గుద్దింది?" అని నా కాలర్ పట్టుకున్నాడు. అతనిదీ తప్పు కాదు. అక్కడ ఉన్న కారు నాదొక్కటే, రక్తం ఉన్న సీటూ నాదే. రాత్రి రెండున్నరకి వదిలారు.

ఆ తర్వాత సాక్షిగా సమన్లు. మూడేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళాను. రెండుసార్లు వాయిదా, ఒకసారి న్యాయవాదుల బాయ్‌కాట్, నాలుగోసారి పది నిమిషాల పని. ఒక్కోసారికి ఒక రోజు షాపు మూసుకోవాలి. (కోర్టు వరండాలో సాక్షులు కూర్చోవడానికి ఒక బెంచీ వేయడానికి ఈ దేశానికి ఎన్నేళ్ళు కావాలో ఎవరైనా వేరే ప్రశ్నగా అడగండి, దానికీ జవాబు రాస్తాను.) కుర్రాడు బతికాడు. కర్ర సాయంతో కోర్టుకొచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు, ఆ రాత్రి అతనికి స్పృహ లేదు కదా. టీ ఇప్పించాడు.

ఇప్పుడు నాకు సిగ్గుగా ఉన్న సంగతి. 2014లో, చివరి వాయిదా ముగిసిన కొన్నాళ్ళకే, విజయవాడ శివార్లలో స్కూటీ పడిపోయి ఉంది. ముగ్గురు నలుగురు చుట్టూ నిలబడి ఉన్నారు. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. మా ఆవిడ, అపరిచితుడి తల ఒళ్ళో పెట్టుకున్న ఆవిడే, "వద్దండీ, వాళ్ళున్నారుగా" అంది. నేను ఆపలేదు. ఇంటికొచ్చాక ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

మూడేళ్ళలో మేం బాధ్యత లేని మనుషులమైపోయామా? ప్రాథమిక విధులు మర్చిపోయామా? వాటి కథ కూడా చెప్తాను, వాట్సాప్‌లో ప్రతి జనవరి 26కీ ఎవరో ఒకరు ఆ జాబితా పంపిస్తారు కాబట్టి. రాజ్యాంగంలోకి 51-ఎ అధికరణం వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, 42వ సవరణతో. మొదట పది, 2002లో పిల్లల చదువు గురించి ఇంకొకటి కలిపి పదకొండు చేశారు. అదే 1976లో, ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్ళు హేబియస్ కార్పస్ కోసం, అంటే తమ నిర్బంధం చెల్లదని అడగడానికి, కోర్టుకెక్కడానికి కూడా వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. నోరు మూసిన ఏడాదే చేతికి విధుల జాబితా ఇచ్చారన్నమాట. మా అబ్బాయి టెన్త్‌లో అవి బట్టీ పట్టి నాలుగు మార్కులు తెచ్చుకున్నాడు. ఆ నాలుగు మార్కులకి మించి ఆ జాబితా ఎవరికైనా ఉపయోగపడిందని నాకు నమ్మకం లేదు.

ఉపయోగపడింది వేరే. 1989లో పరమానంద కటారా కేసులో, పోలీసు కేసైనా కాకపోయినా ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు డాక్టర్లకు చెప్పింది. ఆ కేసు వెనక ఉన్నదీ ఒక స్కూటరిస్టే. దగ్గరున్న ఆసుపత్రి వాళ్ళు మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసు వ్యవహారమున్న కేసు, మేం చూడం అని ఇరవై కిలోమీటర్ల దూరం పంపిస్తే దారిలోనే పోయాడు. తర్వాత చాలా ఏళ్ళకు రోడ్డు ప్రమాదాల మీద పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ వాళ్ళు వేసిన పిటిషన్ మీద, ప్రమాదంలో సాయం చేసినవాళ్ళను వేధించకుండా కేంద్రం రాసిన మార్గదర్శకాలకు 2016 మార్చిలో సుప్రీంకోర్టు చట్టంతో సమానమైన బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోకి 134-ఎ సెక్షన్ వచ్చింది, 2020లో దాని నిబంధనలు వచ్చాయి.

అందులో ఏముందో చూడండి. సాయం చేసినవాడు పేరు, ఫోన్ నంబరు చెప్పాల్సిన పని లేదు. ఆసుపత్రిలో దింపి వెంటనే వెళ్ళిపోవచ్చు. డబ్బు కట్టమని అడగకూడదు. తనంతట తాను సాక్ష్యం చెప్తానంటే ఒక్కసారిలోనే ముగించాలి. "నువ్వు సాయం చేయి" అని ఒక్క ముక్క లేదు. ఉన్నవన్నీ సాయం చేసేవాడి హక్కులే! అందుకే మీ ప్రశ్నలో హక్కులు ఒక తక్కెడలో, బాధ్యతలు ఇంకో తక్కెడలో పెట్టడం నాకు నచ్చలేదు. ఆ సెక్షన్ 2011లో ఉంటే 2014లో నా కాలు బ్రేకు మీదే ఉండేది. రుజువు చూపించమంటే చూపించలేను, కానీ నా కాలు సంగతి నాకు తెలుసు.

మా బావమరిది కొడుకు జర్మనీలో ఉంటాడు. అక్కడ ఆపదలో ఉన్నవాడికి సాయం చేయకపోతే నేరం, ఏడాది దాకా జైలు వేయొచ్చట. లైసెన్సు ఇవ్వడానికి ముందే ఫస్ట్ ఎయిడ్ క్లాసుకు కూర్చోబెడతారు. "అలాంటి చట్టం మనకూ కావాలి మామయ్యా" అంటాడు. నేనొద్దంటాను. ఇక్కడ ఆ చట్టం వస్తే జనం ప్రమాదం కనబడగానే పక్క ఊరి మీదుగా తిరిగి వెళ్తారు. మనకొచ్చిన అనుభవం కూడా ఉంది. ఐపీసీ బదులు తెచ్చిన కొత్త న్యాయ సంహితలో, నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చావుకు కారణమై పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష అని రాశారు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు ఎంత లైన్లు! మావాడొకడు రెండు గంటలు నిలబడి డ్రైవర్లను బూతులు తిట్టాడు. వాళ్ళు అన్నది ఒకటే: ఆగితే జనం కొట్టి చంపేస్తారు. నా కాలర్ పట్టుకున్నప్పటి అనుభవం నాకుంది కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేను. చివరికి ఆ క్లాజును పక్కన పెట్టే జులైలో కొత్త చట్టాలు అమలు చేశారు.

ఇంకో ఫిర్యాదు. 2020 నిబంధనల ప్రకారం, సాయం చేసినవాళ్ళ హక్కుల బోర్డు ప్రతి ఆసుపత్రిలో గుమ్మం దగ్గరో, అందరికీ కనబడే ఇంకో చోటో హిందీ, ఇంగ్లిష్, స్థానిక భాషల్లో పెట్టాలి. నాకిప్పుడు ఎక్కడికెళ్ళినా దాన్ని వెతకడం జబ్బయిపోయింది. ఈ మధ్య ఒక పెద్ద ఆసుపత్రిలో వినాయకుడి విగ్రహం వెనకా, చేపల తొట్టి పక్కనా కూడా చూశాను. ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ ఉంది, క్యాంటీన్ మెనూ ఉంది. రిసెప్షన్‌లో అడిగితే "ఏ బోర్డు సార్?" అంది ఆ అమ్మాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళకు 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టారు, తర్వాత 25,000కి పెంచారు. మంచిదే. నన్నడిగితే ఆ డబ్బులో కొంత ఆ బోర్డుల మీద పెట్టినా బాగుండేది.

2022లో మా అబ్బాయి ఆపాడు. ముసలాయన్ని ఆటో గుద్దితే బైకు పక్కన పడేసి, అదే ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తొమ్మిదింటికి ఇంటికొచ్చాడు, చొక్కా అంతా రక్తం. మా ఆవిడ గుమ్మంలోనే చొక్కా విప్పించి బకెట్ నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టింది.

"వాళ్ళు నిన్నేమీ అడగలేదా?"

"లేదమ్మా. దింపేసి వచ్చేశాను."

"నంబరు కూడా?"

"లేదమ్మా."

కాసేపటికి కంచం ముందు పెడుతూ మళ్ళీ అదే అడిగింది.