కబూస్, బ్రేక్ వ్యాన్ రెండూ ఒకటేనా?

1950ల నాటి బ్రిటిష్ గూడ్స్ బండి మోడల్‌ని ఓఓ గేజ్‌లో (బ్రిటిష్ మోడల్ రైళ్ళ కొలత) కడుతున్నానని, దాని వెనక బ్రేక్ వ్యాన్ బదులు అమెరికన్ కబూస్ (అక్కడి గూడ్స్ బండి చివర ఉండే సిబ్బంది పెట్టె) తగిలిస్తే తప్పేంటని అడిగారు. పట్టాల మీద నడుస్తుంది. ఓఓకీ, అమెరికన్ మోడళ్ళ కొలత హెచ్‌ఓకీ పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. స్కేలే వేరు: ఒకటి 1:76, ఇంకోటి 1:87. కానీ అసలు తేడా పనిలో ఉంది.

మిగతా మాటలతో ఇబ్బంది లేదు. బండి పట్టాలు మారే చోటు అమెరికన్లకి స్విచ్, బ్రిటిష్ వాళ్ళకి పాయింట్స్; పట్టాల కింది అడ్డదిమ్మ వాళ్ళకి టై, వీళ్ళకి స్లీపర్. మన రైల్వే మాటలు ఎక్కువగా ఇక్కడ బ్రిటన్ నుంచి వచ్చినవే కాబట్టి సగం మీకు తెలిసినవే. బోగీ ఒక్కటి చూసుకోండి. మనం పెట్టె మొత్తాన్నీ బోగీ అంటాం, ఇక్కడ కింద చక్రాలుండే చట్రాన్నే అంటారు. అమెరికాలో దాని పేరు ట్రక్.

కబూస్ సిబ్బందికి ఆఫీసు, కాస్త నడుం వాల్చే చోటు, పైనున్న గూట్లోంచి బండిని కనిపెట్టుకునే కాపలా గది. 1893 చట్టం పుణ్యమా అని అమెరికాలో సరుకు బండ్లకు ఎయిర్ బ్రేకులు వచ్చేశాయి, కాబట్టి బండి మొత్తాన్నీ డ్రైవరే ఇంజన్ నుంచి ఆపగలడు. బ్రిటన్‌లో 1950ల్లో కూడా చాలా బొగ్గు వ్యాగన్లకు ఉన్నది పక్కన చేతి లివరే. వ్యాగన్ల మధ్య మూడు లింకుల గొలుసు వదులుగా వేలాడేది. డ్రైవర్ వేగం తగ్గిస్తే వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునేవి, లాగితే గొలుసు తెగే ప్రమాదం. అందుకే చివర బరువైన బ్రేక్ వ్యాన్‌లో గార్డు కూర్చుని, వాలు వచ్చినప్పుడల్లా హ్యాండ్ బ్రేక్ చక్రం తిప్పి గొలుసులు బిగుతుగా ఉంచేవాడు. ఏటవాలు మరీ ఎక్కువైతే పైనే బండి ఆపి, కొన్ని వ్యాగన్ల లివర్లు నొక్కి పెట్టాకే దింపేవారు.

ఇది తెలిస్తే మీ బండి కూర్పు దానంతటదే కుదురుతుంది. ఇంజన్ నుంచే పనిచేసే వాక్యూమ్ బ్రేకులున్న వ్యాన్లు (మూసి ఉండే సరుకు పెట్టెలు) ఇంజన్ పక్కనే పెట్టండి. తర్వాత బొగ్గు మోసే 16 టన్నుల మినరల్ వ్యాగన్లు, చివర 20 టన్నుల బ్రేక్ వ్యాన్.

దానికి దీపాలు మరిచిపోకండి. ఇంగ్లండ్‌లో మా డెర్బీ వైపు మోడల్ రైళ్ళ ప్రదర్శనలకు ఒక రిటైర్డ్ గార్డు వస్తుంటారు. అందరూ ఇంజన్ చుట్టూ మూగితే ఆయన వంగి బండి తోక చూస్తారు. వెనక ఎర్ర దీపం, రెండు పక్కలా సైడ్ ల్యాంపులు ఉండాలి. సైడ్ ల్యాంపులు వెనక్కి ఎరుపు, ముందుకి తెలుపు చూపిస్తాయి. ఆ తెలుపు కనిపిస్తే బండి మధ్యలో తెగలేదని ఇంజన్ మీదున్నవాళ్ళకు తెలిసేది. ఈ దీపాలు విడిగా దొరుకుతాయి, చుక్క జిగురుతో అతికించుకోవచ్చు.