తిండీ నీళ్లూ లేకుండా పురుగు నెలల తరబడి భూమిలో ఎలా బతుకుతుంది?

నిద్రావస్థలో ఉన్న పురుగులకు అన్నాళ్లూ శక్తి ఎక్కడిది అని అడిగారు. మా అనంతపురం వైపు వేరుశనగ వేసే ఏ రైతునడిగినా చెప్తాడు, మా చేలోదే అని.

ఎర్ర గొంగళి పురుగు సంగతే తీసుకోండి. తొలకరి గట్టిగా పడగానే రెక్కల పురుగులు లేచి గుడ్లు పెడతాయి. పిల్లలు నెల, నెలన్నర ఆకులు మేసి, చేనంతా ఈనెలు మిగిల్చి, భూమిలోకి దిగి ప్యూపాలైపోతాయి, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ. ఇక మళ్లీ తొలకరి దాకా, అంటే దాదాపు తొమ్మిది పది నెలలు, మెతుకు ముట్టవు. కాబట్టి కూడబెట్టడమంతా మేసేటప్పుడే అయిపోవాలి, దిగాక ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే పని.

ఒకసారి మే నెలలో ఒక వాన పడితే మా నాయన వేసవి దుక్కి చేయించాడు. ట్రాక్టర్ వెనకాలే కొంగలు, గోరింకలు. గట్టు పక్క సాలులో వేలెడంత కూడా లేని ముదురు గోధుమరంగు ప్యూపాలు పైకి తేలాయి. ఒకటి అరచేతిలో పెట్టుకుంటే తోక కొస అటూ ఇటూ తిప్పింది, చచ్చిందేమో అనుకున్నవాణ్ణి ఉలిక్కిపడ్డాను. నొక్కితే వెన్నలాంటి పదార్థం చిమ్మింది. అందులోని కొవ్వే పురుగు ఆస్తిలో పెద్ద వాటా. ఇంకో లాభం, వంద గ్రాముల కొవ్వు ఒంట్లో ఖర్చయితే గాలిలోని ఆక్సిజన్ కలిసి సుమారు 107 గ్రాముల నీళ్లు పుడతాయి, అంటే తిండీ నీళ్లూ ఒకే మూటలో ఉన్నట్టే.

అసలు ప్రమాదం వేడి. పది డిగ్రీలు పెరిగితే పురుగు ఒంట్లో ఖర్చు మామూలుగా రెండింతలో, ఇంకా ఎక్కువో అవుతుంది. నిద్రావస్థలో ఒళ్లే ఆ ఖర్చును బాగా కిందికి దించేస్తుంది గానీ వేడి తగిలితే లెక్క తప్పుతుంది. ఇవి గట్ల కింద, చెట్ల నీడన లోతుగా దిగేది అందుకేనని నా గట్టి నమ్మకం. ఊపిరిలోనూ పొదుపే. అమెరికాలో సెక్రోపియా అనే పట్టుచిలుక ప్యూపాల మీద 1950ల్లో ష్నైడర్‌మన్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు చేసిన పనిలో, అవి ఊపిరి రంధ్రాలు చాలాసేపు బిగించుకుని, బొగ్గుపులుసు వాయువును అప్పుడప్పుడూ ఒక్కసారిగా వదులుతాయని తేలింది.

ఇంత జాగ్రత్తగా దాచుకున్న దాన్ని ఒక్క లోతు దుక్కి ఎండకూ పిట్టలకూ అప్పగిస్తుంది. కానీ ఎవరు చేస్తారు? ట్రాక్టర్ బాడుగ చూస్తే గుండె గుభేలుమంటుంది, అది నిజమే, కానీ ఆగస్టులో మందు డబ్బాలకు పెట్టే డబ్బు ఎవరూ లెక్కేసుకోరు. "వేసవిలో లేని పురుగుకు దుక్కి ఎందుకన్నా" అంటాడు మా పక్క చేను ఆయన. ఆయన గట్టు కింద ఉన్నవి లేచి నా చేలోకే వస్తాయి, వాటికి సరిహద్దు రాళ్లు తెలుసా ఏమన్నా? ఊరంతా ఒకే వారంలో దున్నాలి, గట్లు కూడా వదలకుండా, లేకపోతే నేనొక్కణ్ణి దున్నినా సగం డబ్బు వృథా.