మత సంస్కరణోద్యమం పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఈ ఏడాది ఐరోపా మత సంస్కరణోద్యమం పాఠం నీ వంతుకు వచ్చిందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నేను మొదటి పదేళ్లు కారణాలు, ఫలితాలు అంటూ నల్లబల్ల మీద రాసి నోట్సు చెప్పాను. పిల్లలు వాటిని పరీక్షకు వల్లించారే తప్ప, పదహారో శతాబ్దపు సామాన్యుడికి తన మతగురువును నిలదీసే ధైర్యం ఎలా వచ్చిందో వారికి అందలేదు. కాబట్టి నువ్వు బొమ్మతో మొదలుపెట్టు.

1521లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో వెలువడిన ఒక చిన్న పుస్తకంలో చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్ వేసిన చెక్క అచ్చు బొమ్మలు జంటలుగా ఉంటాయి. ఒకదానిలో క్రీస్తు శిష్యుల పాదాలు కడుగుతుంటాడు. దాని జంట బొమ్మలో పోపు తన పాదాన్ని ముద్దు పెట్టించుకుంటుంటాడు. ఒకచోట ముళ్లకిరీటం, పక్కనే పోపు మూడంతస్తుల కిరీటం. ఇవి చూపించి కాసేపు ఏమీ చెప్పకు; అక్షరం రానివారికి ఆ పుస్తకం ఎలా చేరిందో పిల్లలే చెబుతారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, పోపును ఎదిరించి ఈ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి తెచ్చిన బైబిల్ కొత్త నిబంధన అచ్చయినప్పుడు, అందులో చివరిదైన ప్రకటన గ్రంథం బొమ్మల్లో పాపానికి ప్రతీకైన బబులోను స్త్రీ తల మీదా ఆ పోపు కిరీటమే ఉంది. అభ్యంతరాలు రావడంతో డిసెంబరు ముద్రణకు కిరీటం పై అంతస్తులను అచ్చు దిమ్మ మీద చెక్కి తీసేశారు.

1517లో లూథర్ తన వాదాల పత్రాన్ని చర్చి తలుపుకు మేకులతో కొట్టాడన్న కథను ఖాయమైన సంగతిగా చెప్పకు. దాని మీద చరిత్రకారుల్లో వివాదం ఉంది. ఆ అక్టోబరు 31న పాపాలకు పడే శిక్ష తగ్గుతుందంటూ చర్చి ఇచ్చే పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ మైన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెఖ్ట్‌కు లేఖ రాశాడన్నది మాత్రం నిశ్చయం.

ఆ తర్వాత చిత్రకారుల బతుకు దగ్గర ఎక్కువసేపు ఆగు, ఎందుకంటే ఒక భావం సమాజాన్ని మార్చడమంటే ఏమిటో అక్కడే చేతికి తగులుతుంది. చర్చిల్లో బొమ్మలు, విగ్రహాలు దైవాజ్ఞకు విరుద్ధమని నమ్మిన స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ నగర మండలి 1524లో చర్చి తలుపులు మూయించి, తాపీవాళ్లతో, వడ్రంగులతో వాటిని తీయించింది; అక్కడి మరో నగరం బాసెల్‌లో 1529లో జనమే పగలగొట్టి తగలబెట్టారు. బలిపీఠాలకు బొమ్మలు వేసి బతికినవారికి పని పోయింది. బాసెల్‌లో ఉన్న చిత్రకారుడు హోల్‌బైన్ 1526లో ఇంగ్లండు దారి పట్టినప్పుడు, ఇక్కడ కళలు చలికి బిగుసుకుపోతున్నాయని పండితుడు ఎరాస్మస్ అతని గురించి మిత్రుడికి రాశాడు.

క్రానాఖ్ మాత్రం లూథర్‌కు ఆప్తుడిగా ఉంటూనే, లూథర్ నిలదీసిన ఆ ఆర్చిబిషప్ ఆల్బ్రెఖ్ట్ జర్మనీలోని హాలే నగరంలో నెలకొల్పిన చర్చికీ తన కార్ఖానా నుంచి చిత్రాలు పంపాడు. దాన్ని ద్రోహమని పిల్లలు తొందరపడి తీర్పు చెబితే వారించు. కార్ఖానాలో పనివాళ్లున్నారు, కొత్త మతం ఎవరికీ ఒక్క రోజులో కుదురుకోలేదు.

మరో మాట. లూథర్ మార్గానికి వచ్చిన ఆ హాలేలోనే, మద్రాసులో మతబోధ చేసి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఇది పాఠం చివర చెప్పు. జంట బొమ్మల నకళ్లు ఈ లేఖతో పంపుతున్నాను. వెనక బెంచీకి కూడా కనబడేలా పెద్దవి చేయించుకో.

ఇట్లు
మీ మామయ్య