‘తెలియజేయగలరు’ అంటే అడిగినట్టా, చెప్పినట్టా?

సందేహం: నా తెలుగు నవలను నేనే ఇంగ్లీషు చేసి మూడు నెలల కిందట ఒక లిటరరీ ఏజెంటుకు (రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడిపెట్టేవారు) పంపాను. ఆవిడ తెలుగువారే, మా మొదటి మెయిళ్లు తెలుగులోనే నడిచాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ‘నేను సమర్పించిన వ్రాతప్రతిని అనుసరిస్తూ ఈ లేఖ రాస్తున్నాను. దయచేసి దాని స్థితిని తెలియజేయగలరు’ అని రాసిపెట్టుకున్నాను. మా అమ్మాయి చదివి, కరెంటాఫీసు నోటీసులా ఉందని నవ్వింది. ఇందులో తప్పేముంది? పనిలో పనిగా, ఏజెంటును తెలుగులో ఏమనాలో కూడా చెప్పండి.

సమాధానం: మీ అమ్మాయి చెవి మంచిదమ్మా. వ్యాకరణం లెక్కన తప్పేమీ లేదు, కానీ ఆ రెండు వాక్యాల్లో ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడుతున్నట్టు ఎక్కడా లేదు.

ముందు ‘తెలియజేయగలరు’ సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ‘గలరు’ గురించి చాలామంది అడుగుతుంటారు. అందులో ఉన్నది ‘కలరు’. ‘ఆవిడ పాడగలరు’ అంటే పాడే శక్తి ఉందని. ‘మంత్రిగారు రేపు ఉదయం రాగలరు’ అంటే వస్తారని, కాస్త పాతకాలపు వాడుక. ఈ రెండింటిలోనూ అడగడం లేదు. మరి అడగడానికి ఎలా వాడుతున్నాం? శుభలేఖ తీసి చూడండి: ‘విచ్చేసి వధూవరులను ఆశీర్వదించగలరని ప్రార్థన’ అని ఉంటుంది. అక్కడ అడగడమంతా ‘ప్రార్థన’లో ఉంది, ‘గలరు’లో కాదు. నాకు తోచినంతవరకు, నోటీసులు రాసేవాళ్లు ఆ తోక కోసేసి ‘ప్రయాణికులు గమనించగలరు’ దగ్గర ఆపేశారు. అది వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి తప్పనను. కానీ తోక తెగిన ‘గలరు’కు బస్టాండు వాసన పోదు. ఉత్తరంలో వాడాల్సే వస్తే ‘తెలియజేయగలరని మనవి’ అని తోకతో సహా వాడండి, లేదా హాయిగా ‘చెప్పండి’ అనండి.

‘చెప్పండి’ మోటుగా ఉంటుందని భయమా? మన మర్యాద క్రియాపదం చివర తగిలించేది కాదు, ‘దయచేసి’ అని ముందు పెట్టేదీ కాదు (ఇంట్లో ఎవరినైనా ‘దయచేసి మంచినీళ్లివ్వు’ అన్నారా ఎప్పుడైనా?). అది ‘కాస్త’లో ఉంది, ‘ఒకసారి’లో, ‘వీలు చూసుకుని’లో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, ప్రశ్నను అనుమానంగా మార్చేయడంలో ఉంది. ‘నా నవల చదివారా?’ అంటే నిలదీసినట్టే, పరీక్ష పెట్టినట్టే. అదే ‘చదివే వీలు చిక్కిందో లేదో’ అన్నారనుకోండి, అది ప్రశ్నే కాదు, మీలో మీరు అనుకుంటున్న మాట అవతలివాళ్ల చెవిన పడిందంతే. జవాబు చెప్పాల్సిన బరువు వాళ్ల మీద పడదు, అందుకే చెబుతారు. ‘అందిందా’కూ ‘అందిందో లేదో’కూ మధ్య ఉన్న దూరం ఏ ‘దయచేసి’తోనూ పూడదు.

ఇక ‘అనుసరిస్తూ’. ఇది ఫాలోఅప్‌ను మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేస్తే వచ్చే మాట. మనం అనుసరించేది దారిని, గురువును. పంపిన పీడీఎఫ్‌ను కాదు. ‘ఆరా తీయడం’ అంటే పోలీసు వచ్చినట్టుంటుంది. ‘వాకబు’ కొంత నయమే, అయితే అది మూడోవాళ్ల దగ్గర చేసేది: పెళ్లి సంబంధం గురించి వాకబు చేస్తాం గానీ పెళ్లికొడుకునే పట్టుకుని వాకబు చేయం కదా. ‘గుర్తు చేస్తున్నాను’ అంటే మీరు మరిచిపోయారని ముఖాన చెప్పడమే. మీకు కావలసిన మాట రోజూ మీ నోట్లో ఉన్నదే: ‘కనుక్కుందామని’. ‘కనుక్కుంటున్నాను’ అని కూడా కాదు, ‘కనుక్కుందామని రాస్తున్నాను’. ఆ ‘దామని’లో సగం పని అయిపోతుంది.

‘సమర్పించిన’ అక్కర్లేదు. దరఖాస్తు సమర్పిస్తాం, టెండరు సమర్పిస్తాం, తిక్కన భారతాన్ని హరిహరనాథుడికి సమర్పించాడు. మీరు మెయిల్‌లో పంపారు. ‘పంపిన’ చాలు. ‘వ్రాతప్రతి’ ఉంచుకోవచ్చు, కాకపోతే ‘వ్రాత’ అంటే నాకు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో తాళపత్రాలు కళ్ల ముందు మెదులుతాయి. ‘రాతప్రతి’ అంటే మీ కాలంలో ఉంటుంది. చేత్తో రాయకుండా టైపు చేసింది రాతప్రతి ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే, ఇంగ్లీషు మాన్యుస్క్రిప్టుకూ అర్థం చేతిరాతేనని చెప్పండి. ‘దాని స్థితి’ మాత్రం వద్దు, ఆస్పత్రిలో ఉన్నట్టుంది. పని ‘ఎంతవరకు వచ్చింది’ అంటాం మనం.

నేనైతే ఇలా రాస్తాను:

‘...గారికి నమస్కారం. మూడు నెలల కిందట నా నవల రాతప్రతి మీకు మెయిల్ చేశాను. అందిందో లేదో, అందితే చూసే వీలు చిక్కిందో లేదో కనుక్కుందామని రాస్తున్నాను. ఇంకా టైమ్ కావాలన్నా నాకేమీ తొందర లేదు. ఎప్పటికి కబురు చేస్తారో ఒక్కమాట చెబితే చాలు. భవదీయురాలు...’

తొందర లేదన్నది అబద్ధమైతే ఆ వాక్యం తీసేయండి, అబద్ధం రాసిన చోట తెలుగు కూడా బిగుసుకుపోతుంది. ‘మీ స్పందన కోసం ఎదురుచూస్తూ’ అని ముగించకండి, తొందర లేదని చెప్పి గుమ్మంలో నిలబడినట్టుంటుంది. కొత్త మెయిల్ కాకుండా, మొదట పంపినదానికే జవాబుగా రాయండి, ఆవిడ వెతుక్కునే పని తప్పుతుంది. చాలామంది ఏజెంట్లు ఎన్ని వారాల్లో జవాబిస్తారో తమ వెబ్‌సైటులోనే రాసుకుంటారు. కొందరైతే ఫలానా గడువు దాటితే వద్దన్నట్టే లెక్క అని కూడా రాస్తారు. రాసేముందు అది ఒకసారి చూసుకోండి.

ఏజెంటుకు తెలుగు అడిగారు. ‘దళారి’ అంటే మార్కెట్ యార్డులో రైతు తిట్టుకునే మాట, జోలికి పోకండి. ‘మధ్యవర్తి’ తగాదాలు తీర్చేవాడు. ‘ప్రతినిధి’ అర్థానికి దగ్గరే గానీ, వినగానే శాసనసభ గుర్తొస్తుంది. తెలుగు పుస్తకాల లోకంలో రచయిత నేరుగా ప్రచురణకర్త దగ్గరికి వెళ్లడమో, సొంత డబ్బుతో అచ్చేసుకోవడమో తప్ప ఈ పని చేసే మనిషి అలవాటు లేదు కాబట్టి మాటా పుట్టలేదు. ‘ఏజెంటు’ అనే అనండి, ఎల్ఐసీ ఏజెంటు అనడం లేదూ? అయినా మీ ఉత్తరంలో ఆ మాటే అవసరం లేదు, ఆవిడ పేరు పక్కన ‘గారు’ ఉంటే సరిపోతుంది.