స్కానర్ దగ్గర డ్యూటీకి వెళ్లే ముందు

చి. సరళకి ఆశీస్సులు.

సోమవారం నుంచి బ్యాగేజీ స్కానర్ దగ్గర డ్యూటీ వేశారటగా. రోజంతా ఎక్స్‌రే పక్కన కూర్చుంటే ఒంటికి ఏమవుతుందోనని మీ అమ్మకు దిగులు పట్టుకుంది. ముందు ఆ లెక్క తేల్చేద్దాం.

ఆ యంత్రంలో రేడియోధార్మిక పదార్థమేమీ ఉండదు. ఉన్నది ఒక ట్యూబు. దానికి లక్షన్నర వోల్టుల అటూ ఇటూగా కరెంటు అందినంతసేపే ఎక్స్‌రేలు పుడతాయి. ఆపగానే ఆగిపోతాయి. బ్యాగులోనూ గోడల్లోనూ ఏమీ మిగిలిపోదు. యంత్రం బయటి గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో గంటకు 0.5 మిల్లీరాంట్‌జెన్, అంటే సుమారు 5 మైక్రోసీవర్టులు దాటకూడదని అమెరికా నిబంధన. రాంట్‌జెన్, సీవర్టు రెండూ రేడియేషన్ కొలతలే; వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ. చాలా కంపెనీల యంత్రాలు 1 మైక్రోసీవర్టు లోపే ఉంటాయి. పూర్తిగా 1 అనే అనుకుని, ఏడాదిలో 2000 గంటలు ఆ గోడకు అతుక్కుని కూర్చున్నా వచ్చేది 2 మిల్లీసీవర్టులు. నేల నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ ప్రపంచంలో సగటు మనిషికి ఏటా అందేదే 2.4. ఇక మానిటర్ ముందు నీ కుర్చీ దగ్గరైతే రేడియేషన్ కొలిచే మీటరు మామూలు సహజ రేడియేషన్‌కి మించి చూపించడం అరుదు.

అయితే ఈ లెక్కంతా యంత్రం పెట్టె మూసి ఉన్నప్పటిది. బ్యాగు లోపలికి వెళ్లే చోటా బయటికి వచ్చే చోటా వేలాడే సీసం కలిపిన రబ్బరు పరదాలు ఉన్నాయే, కళ్లన్నీ వాటి మీదే పెట్టు. బ్యాగుకి తగిలి చెదిరిన కిరణాలను బయటికి రానీయకుండా ఆపేవి అవే. యంత్రంలో అన్నిటికంటే ముందు అరిగేవీ అవే. డ్యూటీ ఎక్కగానే తాళంచెవి తిప్పకముందే ఒక్కో పట్టీ చూడు: కింద బెల్టు దాకా వేలాడుతోందా, అంచు పైకి మెలితిరిగిందా, పగిలిందా, మధ్యలో ఒకటి ఊడిపోయిందా? చిన్న బ్యాగులు తట్టుకుంటున్నాయని కొందరు పట్టీల్ని కత్తిరిస్తారు, పైకి మడిచి తాడు కడతారు. చిరిగితే టేపు అంటిస్తారు. టేపు పట్టీని పట్టి ఉంచుతుందేమో గానీ ఎక్స్‌రేని ఆపదు. అలాంటిది కనిపిస్తే రిజిస్టర్లో రాసి, పట్టీ మార్చేదాకా యంత్రం నడపనని చెప్పెయ్యి. వెనక క్యూ ఎంత పొడుగున్నా సరే.

చిన్న పర్సులు, తేలికపాటి కవర్లు పరదాని తోసుకుని వెళ్లలేవు, అక్కడే ఆగిపోతాయి. అప్పుడు ప్రయాణికుడు చెయ్యి పెట్టి నెట్టబోతాడు. చూసి చూసి మనవాళ్లూ అదే చేస్తారు. అలాంటి వస్తువుల్ని మొదటి నుంచీ ట్రేలో పెట్టించు. బ్యాగుకీ బ్యాగుకీ మధ్య కాస్త ఎడం ఉండేలా చూడు. ఒకదానికొకటి ఆనుకుని వెళితే పరదా మూసుకునే వ్యవధే ఉండదు. చిన్న పిల్లల్ని బెల్టు దరిదాపులకు రానివ్వకు.

బ్యాగు లోపల ఇరుక్కుందనుకో. ముందు ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ నొక్కు. ఎక్స్‌రే నడుస్తోందని చూపే దీపం ఆరిందో లేదో కళ్లతో చూడు. తాళంచెవి తిప్పి, తీసి జేబులో వేసుకో. ఆ తర్వాతే పరదా ఎత్తి లాగాలి. చెవి యంత్రంలోనే వదిలేస్తే అవతలి చివర ఉన్నవాడు తెలియక బెల్టు నడిపేయగలడు. మెడలో వేలాడే ఐడీ కార్డు తాడు చొక్కాలోకి దోపుకో. రోలర్లో చిక్కుకునేది ముందు అదే.

దీపం గురించి ఇంకో మాట. మామూలు పనిలో బ్యాగు సెన్సర్ని దాటినప్పుడే ఎక్స్‌రే వెలగాలి. ఖాళీ బెల్టు మీద కూడా దీపం వెలుగుతూనే ఉంటే చాలాసార్లు కారణం సెన్సర్ కంటికి పట్టిన దుమ్మో, అంటుకున్న బ్యాగేజీ స్టిక్కరో. తాళంచెవి తీసేసి మెత్తని పొడిగుడ్డతో తుడువు. అయినా ఆరకపోతే ఆపేసి సర్వీసు వాళ్లని పిలిపించు. బ్యాగు వెళ్తున్నా దీపం వెలగకపోతే అది ఇంకా పాడు. ఎక్స్‌రే ఉందో లేదో నీకు తెలిసే దారి మూసుకుపోయినట్టే.

పక్క ప్యానెళ్లు నీ పని కాదు. వాటికి ఇంటర్‌లాకులు ఉంటాయి, తెరవగానే ఎక్స్‌రే ఆగుతుంది. వైరు కలిపి ఆ ఇంటర్‌లాకుని ఏమార్చి యంత్రం నడిపిస్తున్నారని తెలిస్తే మాత్రం అక్కడ నిలబడకు.

ఏడాదికోసారి, ట్యూబు మార్చినా యంత్రం చోటు మార్చినా మళ్లీ, రేడియేషన్ కొలిచే సర్వే మీటరుతో కొలవాలి. ఆ రోజు దగ్గరుండి చూడు. లోపల పెద్ద బ్యాగో నీళ్ల క్యానో పెట్టకుండా ఖాళీగా కొలిస్తే చెదిరే కిరణాలు పెద్దగా ఉండవు, తక్కువ అంకె వస్తుంది. బ్యాగు కొన్ని సెకన్లలో దాటిపోతుంది, మీటరు ముల్లు అంత త్వరగా లేవదు. అందుకని మొత్తం కూడబెట్టి చూపే పద్ధతిలో కొలవాలి. రెండు పరదాలు, ప్యానెళ్ల అతుకులు, నీ కుర్చీ, ఇవన్నీ కాగితంలో విడివిడిగా ఉండాలి.

కడుపుతో ఉంటే తెలిసిన వెంటనే అధికారికి చెప్పాలి. మిగిలిన నెలలన్నిటికీ కలిపి బిడ్డకు పని వల్ల అందేది 1 మిల్లీసీవర్టు దాటకూడదనేది అంతర్జాతీయ సలహా. యంత్రం బాగుంటే దాని దరిదాపులకు కూడా వెళ్లదు. సీసం ఏప్రన్ అక్కర్లేదు, నడుం నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు.

ఒంటికి అందిన రేడియేషన్‌ని లెక్కపెట్టే బ్యాడ్జీ ఇస్తే ఛాతీ మీదే పెట్టుకో. డ్యూటీ అయ్యాక యంత్రానికి తగిలించి వెళ్లకు, నీ హ్యాండ్‌బ్యాగులో వేసి బెల్టు మీద అస్సలు పంపకు. ఆసారి నీ లెక్కలో నీ బ్యాగుకి పడ్డ డోసు వచ్చి చేరుతుంది, దానికి సంజాయిషీ నువ్వే రాయాలి.

మీ బాబాయి