రైతులకు తరగతి పెడితే నోరు విప్పడం లేదా? చెలకలో పెట్టి చూడండి

"ఊళ్లో రైతులకు సాయంత్రం తరగతి పెడుతున్నాం. గంట చెప్పినా ఎవరూ మాట్లాడరు, ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు.

నేను నల్గొండ జిల్లా మునుగోడు, చండూరు వైపు పత్తి రైతులతో కొన్నేళ్లు పనిచేశాను. మొదటి ఏడాది పంచాయతీ ఆఫీసు గోడకు చార్టు తగిలించి గంటన్నర చెప్పేవాణ్ని. మూడో వారానికి నలుగురు మిగిలారు.

మరుసటి ఏడాది పొలంబడికి మారాను. 1989లో ఇండోనేషియాలో వరి రైతులతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) మొదలుపెట్టిన పద్ధతి ఇది. వారానికోసారి పొద్దున్నే, పాతిక మంది దాకా, ఒకరి చెలకలోనే కూడతారు. జట్లుగా మొక్కలు చూసి, పురుగులు లెక్కపెట్టి, మందు కొట్టాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

ఒకరోజు ఓ పెద్దాయన ఆకు తెంపుకొచ్చాడు. ఆకు రసం పీల్చే పేనుబంక మధ్యలో నల్లటి పురుగు, వీపు మీద నారింజ మచ్చలు, అచ్చం చిన్న మొసలిలా ఉంది. "గిదే సారూ పంటను తినేది, ఏం మందు కొట్టాలె?" అన్నాడు. జవాబు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. సీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, రోజూ పేనుబంక ఉన్న ఆకు వేస్తూ చూడమన్నాను. రెండు వారాలకు సీసా పట్టుకొచ్చి ఆయనే అందరికీ పాఠం చెప్పాడు. పేనుబంకనంతా తిని, ఆకుకు అతుక్కుపోయి, చివరికి అక్షింతల పురుగై బయటికొచ్చిందట. ఇన్నేళ్లూ దాన్ని మందు కొట్టి చంపుకున్నామని ఎంత బాధపడ్డాడో!

చదువు రాదన్న బెరుకు ఉన్నవాళ్ల చేతికి పెన్ను ఇవ్వకండి, గింజలివ్వండి. కనబడ్డ ఒక్కో చెడ్డ పురుగుకు ఒక కందిగింజ, మేలు చేసేదానికి ఒక పెసరగింజ. రసం పీల్చే పచ్చదోమ ఆకుకు రెండు దాటితేనే మందు అన్న లెక్క నేల మీద పేరిస్తే అందరికీ కనబడుతుంది.

ఒక తప్పు మాత్రం మీరు చేయకండి. మేం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లనే పిలిచాం. కలుపు తీసేది, పత్తి ఏరేది ఆడవాళ్లు. గులాబీ రంగు పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు ముందు వాళ్ల కళ్లకే కనబడతాయి. తర్వాత ఏ వేళ వీలో వాళ్లనే అడిగి, కూలికి పోకముందే మొదలుపెట్టాం. అప్పటినుంచి ప్రశ్నలు ఎక్కువగా వాళ్ల దగ్గర్నుంచే వచ్చేవి.

వచ్చే వారం చార్టు ఇంట్లోనే ఉంచండి. నాలుగు ఖాళీ సీసాలు, పాత చీర ముక్క, గుప్పెడు గింజలు పట్టుకెళ్లండి చాలు.