ముసలి గుర్రానికి కీళ్ల నొప్పులా? ముందు కొట్టం చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా దగ్గర 22 ఏళ్ల ఆడగుర్రం ఉంది. ఒకప్పుడు జట్కాకు కట్టేవాళ్లం, ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు తీసుకెళ్తున్నాం. పొద్దున కొట్టంలోంచి వచ్చేటప్పుడు ముందుకాళ్లు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చి దాణాలో కలుపుతున్నాం. ఇది నయమవుతుందా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆ మాత్రలు ఇవాళే ఆపేయండి. ఈ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువుల డైక్లోఫెనాక్‌ను 2006లోనే మన దేశంలో నిషేధించారు, మనుషుల మాత్రలు తెచ్చి వేస్తే మాత్రం అదే మందు కాకుండా పోతుందా? గుర్రాలకు ఫినైల్‌బ్యూటజోన్, మెలోక్సికామ్ లాంటి నొప్పి మందులు ఉన్నాయి, కానీ బరువు చూసి డాక్టరే రాయాలి. రెండు నొప్పి మందులు కలిపి ఇస్తే, లేదా మన ఎండల్లో నీళ్లు సరిగా తాగని గుర్రానికి ఇస్తే, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

నడిస్తే సర్దుకుంటోందంటే చాలావరకు కీళ్ల అరుగుదలే. అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు, నొప్పి మాత్రం బాగా తగ్గించొచ్చు. అలా కాకుండా గిట్టలు వేడిగా ఉండి, బరువంతా వెనక్కాళ్ల మీద వేసి నిలబడి, తిప్పితే అడుగు తీయనంటే అది గిట్టవాపు. అప్పుడు నడిపించొద్దు, వెంటనే డాక్టర్‌ని పిలవండి.

మీరు రాయలేదు గానీ, కడపలో కొట్టం అంటే కింద కడప బండలే అనుకుంటాను. మనకు కడగడానికి సులువు, ముసలి కీళ్లకు నరకం. మందంగా ఇసుకో వరిగడ్డో పరవండి, రబ్బరు మ్యాట్ దొరికితే ఇంకా మంచిది. రోజంతా గూటానికి కట్టేస్తే ఇంకా బిగుసుకుపోతుంది, అందుకే వీలైతే దొడ్లో వదలండి, లేదంటే పొద్దున, సాయంత్రం మెత్తటి నేల మీద నెమ్మదిగా నడిపించండి. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయించాల్సిందే, ముందు భాగం పొడుగు పెరిగితే ప్రతి అడుగులో కీలు మీదే భారం పడుతుంది. పనిలేని గుర్రానికి ప్రేమకొద్దీ ఉలవలు దండిగా పెడతారు మనవాళ్లు, ఒళ్లు వస్తే ఆ బరువు కూడా ఆ కాళ్లే మోయాలి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు.

ఇక పెళ్లిళ్లు మానేయండి. పెళ్లికొడుకు బరువొక్కటే కాదు, డీజే ముందు తారురోడ్డు మీద గంటలకొద్దీ నిలబెట్టి డాన్స్ చేయించడం ఈ వయసు గుర్రానికి చేయించే పని కాదు. రాబడి పోతుందని తెలుసు, అయినా ఇదే చెప్తాను.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల మీ జిల్లాలోనే ఉంది, ఒకసారి కాళ్లతో పాటు పళ్లు కూడా చూపించండి, ఈ వయసులో నమల్లేకపోవడం మామూలే. మందు మొదలుపెట్టాక మేత తగ్గినా, లద్ది పలచబడినా ఆ పూట మందు ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి.